పొడిగోడలు

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని మన పెద్దలు చెప్పిన సామెతలో గృహనిర్మాణమునందలి ప్రయాస యంతయు నిమిడియున్నది. ఇటుక తెప్పించుకొనుట, ఇసుకకై తిరుగుట, తాపీమేస్త్రీ రాకకై యెదురుచూచుట, కట్టిన గోడను దినములతరబడి తడుపుట, పిమ్మట పూత, ఆ పూత ఆరిన పిదప రంగు, ఈ క్రమము నెఱుగని గృహస్థుడు మనలో లేడు. ఇప్పుడు హైదరాబాదు, విశాఖపట్టణము, విజయవాడవంటి నగరములలో ఈ క్రమము నంతటిని ప్రక్కకు నెట్టు పద్ధతి యొకటి వ్యాపించుచున్నది. జస్తుపూతగల పలుచని ఉక్కురేకు కమ్ములను నేలకును పైకప్పునకును నడుమ నిలువుగా నిలిపి, వానికి రెండు వైపుల జిప్సము పలకలను మరమేకులతో బిగించి, అతుకులమీద కాగితపు పట్టీ నంటించి, దానిపై మెత్తని లేపనము పూసి రుద్ది, రంగు వేసినచో గోడపని ముగిసినట్లే. నీటితో కలిపి చేయు తాపీపని లేనందున దీనిని ఇంగ్లీషువారు డ్రైవాల్ అనిరి. తెనుగున పొడిగోడ యనవచ్చును.

ఈ పద్ధతి కచేరీలలోను, ఆసుపత్రులలోను, అంగళ్లలోను ప్రవేశించి చాలకాలమైనది. ఇప్పుడది నివాసగృహములలోనికి వచ్చుచున్నది గావున మన మాలోచింపవలసి యున్నది. ఈ విషయమున రెండు తెగల అభిప్రాయములు వినవచ్చుచున్నవి. వ్రేలితో తట్టినచో డొల్లగా మ్రోగునదియు నొక గోడయేనా యని కొందఱు పరిహసింతురు. అమెరికాలో కోట్లకొలది ప్రజలు దీని నడుమనే కాపురము చేయుచుండగా మనము ఇటుకను పట్టుకొని వ్రేలాడుట మూఢత్వమని మఱికొందఱు వాదింతురు. పరిహాసముగాని అనుకరణముగాని విచారణకు బదులు కాజాలదు. వస్తువేది, అది యెక్కడ పుట్టినది, ఎందులకు పుట్టినది, మన ఎండకును మన వానకును మన జీవనమునకును ఎంతవఱకు తగును అని పరిశీలించుటయే వివేకుల మార్గము.

జిప్సము భూమిలో దొరకు ఖనిజము. కాల్షియము సల్ఫేటుతో నీరు రసాయనికముగా కూడియున్న పదార్థమిది. దీని బరువులో అయిదవ వంతునకు కొంచెము మించి నీరే. సుమారు 150 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిలో కాల్చినచో ఆ నీటిలో ముప్పాతిక భాగము ఆవిరియై పోవును. మిగిలిన తెల్లని పొడిలో మరల నీరు పోసినచో, పోగొట్టుకొన్న నీటిని తిరిగి గ్రహించి రాయివలె బిగియును. పారిసు నగరమునందలి మోంమార్ట్రు గుట్ట గనులనుండి ఇది విశేషముగా లభించుటచే ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అను పేరు ప్రసిద్ధమైనది. మన బొమ్మలు పోయువారును, విఱిగిన యెముకకు కట్టు గట్టు వైద్యులును వాడునది యిదియే. ఈ పిండిముద్దను రెండు దళసరి కాగితముల నడుమ పఱచి, బిగిసిన పిదప కోసి ఆరబెట్టినచో జిప్సము పలక యగును. సాధారణముగా వాడు పలక మందము పన్నెండున్నర మిల్లీమీటర్లు, అనగా అరంగుళము.

అమెరికాదేశమున అగస్టీన్ సాకెట్ అనునాతడు 1894లో కాగితపు పొరల నడుమ ప్లాస్టరు నుంచిన పలకకు పేటెంటు పొందెను. 1902లో పెక్కు చిన్న కంపెనీలు చేరి యునైటెడ్ స్టేట్స్ జిప్సము కంపెనీగా నేర్పడినవి. ఆ సంస్థ 1917లో షీట్‌రాక్ అను పేర తన పలకలను విపణిలోనికి దెచ్చెను. ఐనను ప్రజలు చాలకాలము దీనిని చౌకబారు వస్తువుగానే చూచిరి. చెక్కబద్దలపై ముమ్మాఱు పూతవేసి నున్నచేసిన గోడయే గౌరవప్రదమైన గోడ యని వారి తలంపు. రెండవ ప్రపంచ యుద్ధము వారి తలంపును మార్చినది. పనివారు సైన్యమునకును కర్మాగారములకును పోయిరి. యుద్ధము ముగిసిన వెనుక తిరిగివచ్చిన సైనికులకు లక్షలకొలది ఇండ్లు వెంటనే కావలసివచ్చెను. వారములు పట్టు పూతపనికి ఎవరికిని ఓపిక లేకపోయెను. నాటినుండి అచ్చటి ఇండ్ల లోపలిగోడలు ప్రధానముగా పొడిగోడలే యైనవి.

ఈ చరిత్రనుండి మనము గ్రహింపదగిన దేమి? అమెరికాలో కలప విరివి. ఇల్లంతయు కఱ్ఱచట్రముపైననే లేచును. అచ్చట పనివాని కూలి అధికము. శీతలదేశమగుటచే తడిపూత ఆరుటకు కాలము చాల పట్టును. ఈ మూడు కారణములచేతను వారికి పలక అనుకూలించినది. మన దేశమున కాంక్రీటు స్తంభములు నిలిపి, నడుమ ఇటుక కట్టుట పరిపాటి. కఱ్ఱ ప్రియము, నిన్నమొన్నటివఱకు కూలి చౌక, ఎండకు లోటు లేదు. కావున వారికి మేలైనంతమాత్రమున మనకును మేలనుట తర్కము కాదు. అట్లని ఈ పద్ధతి మూలసూత్రము మనకు క్రొత్తదియుగాదు. వెదురుబద్దలతోనో తాటియాకులతోనో తడిక యల్లి, దానికి ఇరుప్రక్కల మట్టియు పేడయు మెత్తి, ఇంటిని రెండుగదులుగా విభజించుకొనుట మన పల్లెలలో తరతరములుగా నున్న ఆచారమే. బరువు మోయు గోడ వేఱు, అడ్డుగా నిలుచు గోడ వేఱు అను భేదమును మన తాతలు చక్కగా నెఱుగుదురు. ఆ భేదమును మఱచి, బరువు మోయనవసరములేని అడ్డుగోడను సైతము కోటగోడవలె కట్టుట నేర్చినది మనమే.

ఇక గుణములను విచారింతము. మొదటిది తేలిక. రెండువైపుల పూతతో కూడిన నాలుగున్నర అంగుళముల ఇటుకగోడ చదరపు మీటరు ఒక్కంటికి సుమారు 250 కిలోల బరువుండును. ఒక్కొక్క వైపున ఒక్కొక్క పలక బిగించిన పొడిగోడ సుమారు 25 కిలోలకు మించదు. పదియడుగుల పొడవు, పదియడుగుల యెత్తుగల గోడ నొకదానిని లెక్కింపుడు: ఇటుకదైనచో రెండు టన్నులపై చిలుకు, పలకలదైనచో పావుటన్నునకు లోపే. పది అంతస్తుల భవనములో ఇట్టి అడ్డుగోడలు వందలు. ఈ బరువంతయు స్తంభములమీదుగా పునాదికి దిగవలసినదే. భూకంపము వచ్చినపుడు కట్టడముపై పడు తాకిడి దాని బరువు ననుసరించి హెచ్చును. కావున లోపలి బరువును తగ్గించుట ఇనుమును, సిమెంటును ఆదాచేయుట మాత్రమే కాదు, ప్రాణరక్షణకును తోడ్పడును.

రెండవది స్థలము. పూతతో కూడ ఇటుక అడ్డుగోడ సుమారు అయిదున్నర అంగుళముల మందముండగా, పలకలగోడ మూడంగుళములలో ముగియును. అరువది అడుగుల పొడవు అడ్డుగోడలున్న వాటాలో దీనివలన పండ్రెండు చదరపుటడుగులకు పైగా నేల మిగులును. 2016 నాటి స్థిరాస్తి చట్టము ప్రకారము కార్పెట్ విస్తీర్ణమున లోపలి అడ్డుగోడల క్రింది నేలయు చేరియున్నది. అనగా గోడ క్రింది నేలకును కొనువాడే ధర చెల్లించుచున్నాడు. గోడ సన్ననైనచో ఆ నేల వాని వాడుకలోనికి వచ్చును. చిన్న వాటాలలో కాపురముండు మధ్యతరగతివారికి ఇది అల్పలాభము కాదు.

మూడవది కాలము, నీరు. ఇటుకగోడకును సిమెంటుపూతకును దినములతరబడి తడి యుండవలెను. వేసవిలో త్రాగునీటికే ట్యాంకరులకై కాచియుండు పేటలలో ఈ నీటి విలువ యెంతయో చెప్పనక్కఱలేదు. పలకలగోడకు నీటి పని యత్యల్పము. మఱునాటికే కొలతకు సరిగా నిలుచును. తీగెలును గొట్టములును గోడనడుమనే పోవును గావున, కట్టిన గోడను మరల ఉలితో తొలచు దుర్వ్యయము లేదు. నాలుగవది అగ్ని. జిప్సములో బంధింపబడిన నీరు నిప్పు తగిలినపుడు ఆవిరియై వెలువడుచు, ఆ నీరంతయు పోవువఱకు వెనుకవైపు వేడిమిని అడ్డగించును. గాజునార కలిపిన ప్రత్యేకమైన పలకలను విధిప్రకారము బిగించినచో గంటసేపు, అంతకు మించియు మంటను నిలుపగలవు. కాగితపుగోడ నిప్పునకు ఆహుతియగునను భయము నిరాధారము.

భూస్వాములు ఆలోచింపవలసిన అయిదవ విషయ మొకటి కలదు. మన యిటుక యెక్కడినుండి వచ్చుచున్నది? మాగాణి పైమట్టినుండి. ఇటుకబట్టీలకు పైమట్టిని అమ్ముకొనిన చేను మరల పూర్వపు సారమునకు వచ్చుటకు ఎన్ని యేండ్లు పట్టునో సేద్యము చేయువారే యెఱుగుదురు. ఒక యేటి రొక్కమునకు తరతరముల ఒండ్రును అమ్ముకొనుట యిది. ఆ బట్టీలలో పనిచేయువారెవరు? ఒడిస్సా పశ్చిమజిల్లాలనుండి ముందుగా బయానా పుచ్చుకొని, పిల్లలతో సహా తరలివచ్చి, ఋతువంతయు ఆ బట్టీలకడనే గడపు కుటుంబములు తెలంగాణమున నేటికిని కనుపించుచున్నవి. ఇటుక చౌక యని మనమనుకొనునపుడు ఈ రెండు మూల్యములను లెక్కలో వేయుటలేదు. బూడిద యిటుకలును, గాలిబుడగల దిమ్మెలును ఈ భారమును కొంత తగ్గించినవి. పొడిగోడయు ఆ త్రోవలో నొక సాధనము కావచ్చును. అదియే సర్వరోగ నివారిణి యనుట మాత్రము అతిశయోక్తి.

ఇక దోషములు. వీనిని దాచి గుణములనే చాటువాడు వర్తకుడు. రెండింటిని చెప్పవలసినది పత్రిక. పొడిగోడకు పరమశత్రువు నీరు. తడిసిన పలక మెత్తబడును, కాగితము ఊడును, బూజు పట్టును. 2005 ఆగస్టులో కత్రీనా తుఫానుచే న్యూఆర్లియన్సు నగరము మునిగినపుడు, నీరు తీసిన వెనుక పరిసరములలోని వేలకొలది ఇండ్లలో బూజుపట్టిన పలకలను చట్రమువఱకు ఊడబెఱికి వీథిలో పోయవలసివచ్చెను. ఈ అనుభవము మనకు దూరముగా తోచవలదు. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు గండ్లుపడి విజయవాడ పేటలు దినములతరబడి నీటిలో నుండుట మన కన్నులయెదుట జరిగిన సంగతి. అచ్చటి క్రిందియంతస్తులలో ఇటుకగోడలు తడిసి ఆరినవి, రంగుతో పోయినది. పలకలగోడలే యైనచో సామానులతోపాటు గోడలను కూడ పాఱవేయవలసివచ్చెడిది. కావున కృష్ణా, గోదావరి లంకలలోను, తీరప్రాంతపు పల్లపు పేటలలోను క్రిందియంతస్తునకు ఈ గోడ తగదని మేము నిస్సంశయముగా చెప్పుచున్నాము.

వఱద లేనిచోట తడి లేదా? స్నానపుగది కలదు, వంటయింటి తొట్టి కలదు, వానకాలమున కారు డాబా కలదు. నేలపై నీరు పోసి కడుగుట మన గృహిణులకు నిత్యకృత్యము. తడి తుడుపుతోనే తృప్తిపడు దేశములవారి గోడను తెచ్చి, బకెట్లతో నేల కడుగు ఇంటిలో నిలిపినచో అడుగుభాగము మూడువానలకు పొంగకుండునా? తేమకు తాళునట్టి పచ్చకాగితపు పలకలు కలవు గాని, అవి తేమకే కాని ధారకు తాళవు. స్నానపుగదికి ఇటుకయో, సిమెంటు పలకయో తగును. మిగిలిన గదులలోను పలక అంచు నేలను తాకకుండ నిలిపి, అడుగున రాతిపట్టీ వేయుట అవశ్యము. చెదపురుగు జిప్సమును తినదు గాని దానిపై కాగితమును తినును. గోడనడుమ డొల్ల ఎలుకలకును బొద్దింకలకును ఆశ్రయము కాకుండ రంధ్రములన్నింటిని మూయవలెను. బయటిగోడలకు ఈ పలక పనికిరాదని వేఱుగ చెప్పనక్కఱలేదు. దొంగనుగాని, వడగాడ్పునుగాని అది ఆపజాలదు.

మన యిండ్లలో గోడ ఊరక నిలుచునది కాదు, మోయునది. దేవుని పటములు, పెద్దల చిత్తరువులు, పుస్తకముల బల్లలు, నీళ్లు కాచు యంత్రము, టెలివిజను, ఇవన్నియు గోడనే ఆశ్రయించును. ఉత్త పలకలో కొట్టిన మేకు ఈ బరువును మోయదు. ముందే నిర్ణయించుకొని ఆయాచోట్ల పలక వెనుక దళసరి చెక్క నమర్చినచో ఎంతటి బరువైనను నిలుచును. ఇది ముందుచూపుతో చేయవలసిన పని. ఇల్లు చేతికి వచ్చిన పిమ్మట తెలిసికొనువానికి మిగులునది పగిలిన పలకయే. శబ్దవిషయమును అట్టిదే. గోడలకు చెవులుండునని మనవారందురు; లోపల రాతియున్ని నింపక ఒంటిపలకతో ముగించిన గోడకు చెవులేకాదు, నోరును ఉండును. ప్రక్కగదిలో చదువుకొను బిడ్డకు ఈ గదిలోని సంభాషణ యంతయు వినవచ్చును. ఉన్ని నింపి, జంటపలకలు బిగించి, సందులను మూసినచో అదే గోడ ఇటుకగోడతో పోటీపడును. పాపము గోడది కాదు. ఉన్నికయ్యెడు ఖర్చును మిగుల్చుకొన జూచు కాంట్రాక్టరుది.

వీనికన్న గంభీరమైన పాఠము నొకదానిని అమెరికా మనకు నేర్పినది. 2004, 2005 సంవత్సరముల తుఫానులపిదప అచ్చట పలకలకు కఱవు వచ్చి, చైనానుండి పెద్దయెత్తున దిగుమతి చేసికొనిరి. వానిలో కొన్నిటినుండి గంధకపు వాయువులు వెలువడి, ఇండ్లలోని రాగితీగెలు నల్లబడినవి. చల్లగాలి యంత్రములు పాడైనవి. నివాసులు కంటిమంట, దగ్గు, తలనొప్పి యని మొఱపెట్టుకొనిరి. ఫ్లారిడా, లూయిసియానా మున్నగు రాష్ట్రములలో వేలకొలది కుటుంబములు దీనిచే బాధపడినవి. దోషముగల పలకలనెల్ల ఊడదీయవలసినదని 2010లో ప్రభుత్వసంస్థలు సలహానిచ్చినవి. 2012 నాటి చట్టముచే పలకలోని గంధకమునకు పరిమితి విధింపబడినది. అంతకు పూర్వము అతుకులకు పూయు లేపనములో రాతినార కలుపుచుండిరి; దాని ధూళి ఊపిరితిత్తులకు విషమని తేలిన పిమ్మట 1977లో అట్టి లేపనములను నిషేధించిరి. దోషము ఒక దేశముదికాదు, పరీక్షింపక కొనుటది. రంగు వేసిన వెనుక మంచి పలకయు చెడ్డ పలకయు ఒక్కతీరుననే యుండును. కావుననే కంటికి కనబడని వస్తువునకు ముద్రయే కన్ను. మన ప్రమాణసంస్థ జిప్సము పలకలకు ఐ.యస్. 2095 అను ప్రమాణమును నిర్ణయించియున్నది. ఆ ముద్రలేని పలకను ప్రభుత్వ భవనములలో బొత్తిగా వాడరాదు; ఇల్లు కట్టుకొనువారును అడిగి చూచుకొనవలెను.

ఇందులకు తోడు మఱియొక రక్షణము అవసరము. వాటాలు కట్టి అమ్మువారు లోపలిగోడలు వేనితో కట్టినారో అమ్మకపు ఒడంబడికలో స్పష్టముగా వ్రాయవలెను: ఎన్ని పలకలు, ఎంత మందము, కమ్మీల యెడము ఎంత, ఉన్ని కలదా లేదా, బరువు తగిలించుటకు చెక్క యెచ్చటెచ్చట నున్నది. నిర్మాణలోపములను స్వాధీనము చేసిన తేదీనుండి అయిదేండ్లవఱకు కట్టినవాడే బాగుచేయవలెనని 2016 నాటి చట్టము శాసించుచున్నది. వస్తువును దాచి అమ్మినచో ఆ శాసనము కాగితముమీదనే యుండును. ఇటుకగోడ ధరకు పలకలగోడ నంటగట్టుట మోసము. చెప్పి, ఆదా అయిన దానిలో కొనువానికి వంతు నిచ్చుట వ్యాపారము. ఈ రెంటికి నడుమ గీత గీయవలసిన భారము ఉభయరాష్ట్రముల స్థిరాస్తి నియంత్రణ సంస్థలపై నున్నది.

జిప్సము మన దేశమునకు పరాయిది కాదు. రాజస్థానమున విస్తారమైన గనులు కలవు. అంతకన్న ముఖ్యముగా, ఫాస్ఫారికు ఆమ్లము చేయు ఎరువుల కర్మాగారములలో ఒక టన్ను ఆమ్లమునకు సుమారు అయిదు టన్నుల జిప్సము మిగులును. విశాఖపట్టణమునందును ఇట్టి పరిశ్రమ యున్నది. దానిలో కొంత సిమెంటు మిల్లులకు పోవుచున్నది. మిగిలినది గుట్టలుపడుటకన్న గోడలగుట మేలుగాదా? అందలి రేడియో ధార్మికత లేశమైనను పరిమితికి లోబడియుండవలెనని అణుశక్తి నియంత్రణ మండలి నిబంధన కలదు; దానిని ప్రతి సరకునకు పాటించి చూపవలెను. గాజునార కలిపిన పెద్ద జిప్సము ఫలకములతో ఏకముగా ఇల్లే కట్టవచ్చునని మద్రాసు ఐ.ఐ.టి. పరిశోధకులు 2013లో తమ యావరణలో రెండంతస్తుల భవనము కట్టి నిరూపించిరి. బొగ్గు విద్యుత్కేంద్రముల పొగనుండి గంధకమును పట్టినచో జిప్సము లభించును. 2015లో విధించిన ఆ నియమమును 2025లో అధికభాగము కేంద్రములకు సడలించుట గాలికే గాక ఈ పరిశ్రమకును నష్టమని మా అభిప్రాయము.

పనివారి మాట మఱవరాదు. తాపీమేస్త్రీ నోటికూడు పోవునను భయము సహజము. కాని గోడ కట్టు చేయి గోడ బిగించుటయు నేర్వగలదు; నేర్పువారు కావలెను. నేడు పెక్కుచోట్ల శిక్షణ లేని కూలీలు కమ్మీలను చాల ఎడముగా నిలిపి, అతుకుపట్టీ లేకయే లేపనము పూసి పోవుచున్నారు. ఏడాది తిరుగకముందే అతుకులు చీలి, నింద పలకమీద పడుచున్నది. ఐ.టి.ఐ. పాఠశాలలలో ఈ విద్యకు తావు కల్పించి, యోగ్యతాపత్రము నిచ్చినచో మేస్త్రీకి కూలియు పెరుగును, గృహస్థునకు గోడయు నిలుచును. అతుకులు రుద్దునపుడు లేచు ధూళి ఊపిరికి చెఱుపు. ముఖమునకు తగిన ముసుగు నిచ్చుట యజమాని దయ కాదు, విధి. విఱిగిన ముక్కలను ఊరిచెత్తలో కలుపుటయు తగదు. కుళ్లుచెత్తతో కలిసి తడిసిన జిప్సమునుండి దుర్గంధముగల విషవాయువు పుట్టును. ఆ ముక్కలను వేఱుగా ప్రోగుచేసి కర్మాగారమునకు త్రిప్పిపంపినచో తిరిగి పలకలగును. పురపాలకసంఘము లీ యేర్పాటును ఇప్పుడే చేయవలెను, గుట్టలు లేచిన పిమ్మట కాదు.

మేము చెప్పదలచినది సంగ్రహముగా నిది. పై అంతస్తులలో, తడి తగులని గదుల నడుమ, ముద్రగల పలకతో, నేర్చిన చేతితో, కొనువానికి తెలియజెప్పి కట్టిన పొడిగోడను మనము సంతోషముతో స్వీకరింపవచ్చును. పల్లపునేలలో, స్నానపుగదిలో, బయటిగోడగా, లేక ఇటుకగోడ ధరకు రహస్యముగా అంటగట్టబడినపుడు దానిని నిరాకరింపవలెను. గోడ యేది యైనను దాని నడుమ జీవించువాడు మనుష్యుడు. వాడు జీవితకాలమున ఒక్కమాఱు కట్టుకొను ఇంటిలో ఏమి యున్నదో వానికి తెలియుట వాని హక్కు. క్రొత్తవస్తువు వచ్చినపుడు దాని బరువును, మందమును కొలుచుటతోపాటు అమ్మువాని నిజాయితీని కూడ కొలుచు అలవాటు మన ప్రజలకు, మన ప్రభుత్వములకు కలుగుగాక యని కోరుచున్నాము.